కాగితం టార్గెట్ వెనక ఏముండాలి?

పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో టార్గెట్ నడిమధ్యన ఉండే ‘పది’ ఒక తెల్లచుక్క. దాని వ్యాసం 0.5 మిల్లీమీటరు. దాన్ని కొట్టే సీసపు పెల్లెట్ వ్యాసం 4.5 మిల్లీమీటర్లు, అంటే చుక్కకు తొమ్మిది రెట్లు. పెల్లెట్ అంచు ఆ చుక్కను తాకితే చాలు, పది పాయింట్లు ఇస్తారు. వలయానికీ వలయానికీ మధ్య దూరం 2.5 మిల్లీమీటర్లు. దశాంశాల్లో లెక్కిస్తే 0.1 పాయింటుకు దక్కే చోటు పావు మిల్లీమీటరే. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఈ పోటీలోనే 701.1 పాయింట్లతో కాంస్యం గెలిచాడు. స్వర్ణం 702.1 పాయింట్లకు వెళ్లింది. మొదటి స్థానానికీ మూడో స్థానానికీ తేడా ఒక్క పాయింటు. ఒలింపిక్స్ స్థాయిలో ఈ కొలతలు ఎలక్ట్రానిక్ టార్గెట్లు చూసుకుంటాయి. ఊళ్లోని క్లబ్బుల్లో, కాలేజీ మైదానాల్లో, ఎన్‌సీసీ క్యాడెట్లు .22 రైఫిల్ పట్టుకునే 25 గజాల రేంజిలో మాత్రం సాక్ష్యం చెప్పేది కాగితం మీద పడిన రంధ్రమే. ఆ రంధ్రం ఎంత నిజం చెబుతుందన్నది కాగితం మీద ఎంత ఆధారపడుతుందో, కాగితం వెనక పెట్టిన వస్తువు మీదా అంతే ఆధారపడుతుంది. అందుకే వెనక అట్టను ఎన్నాళ్లు మన్నుతుందని చూసి కాకుండా, రంధ్రం అంచును ఎంత శుభ్రంగా నిలబెడుతుందని చూసి ఎంచుకోవాలి. అది కూడా కొలిచే పరికరంలో ఒక భాగమే.

రంధ్రం ఎలా పడుతుందో ముందు చూద్దాం. కాగితమంటే సెల్యులోజ్ నారలు ఒకదాని మీద ఒకటి అల్లుకుని, హైడ్రోజన్ బంధాలతో అతుక్కున్న పలుచని పొర. మిల్లులో యంత్రం మీద పరుగెత్తే గుజ్జులో నారలు ఎక్కువగా ఆ పరుగు దిశలోనే సర్దుకుంటాయి. దినపత్రికను ఒక వైపు చింపితే గీత గీసినట్టు చిరగడం, రెండో వైపు చింపితే వంకరటింకరగా పోవడం ఈ కారణం వల్లే. పోటీల్లో వాడే ఎయిర్ పెల్లెట్ తల చదునుగా ఉంటుంది. కాగితం కదలకుండా బిగువుగా ఉంటే ఆ చదును తల అంచు నారలను గుండ్రంగా కోసేస్తుంది, బిళ్లలాంటి ముక్క ఊడి వెనక్కి పోతుంది. కాగితం వదులుగా ఉంటే కథ వేరు. తల తగిలిన చోట కాగితం ముందు వెనక్కి సాగుతుంది, సాగినంత సాగి, తరవాత పగులుతుంది. ఆ పగుళ్లు నారల దిశలో ఎక్కువ దూరం పాకుతాయి. జిరాక్స్ కాగితం మీద ముద్రించి, పైన రెండు పిన్నులు గుచ్చి వేలాడదీసిన టార్గెట్‌ను దగ్గరగా చూడండి. గుండ్రటి రంధ్రానికి బదులు నాలుగైదు రేకులుగా విచ్చుకున్న చీలిక కనిపిస్తుంది, అందులో ఒక దిక్కు చీలిక మిగిలినవాటి కన్నా పొడుగ్గా ఉంటుంది. వలయపు గీతను తాకింది పెల్లెట్టా, చీలికా అన్నది ఆ రేకులను వేలితో ఎంత సరిచేసినా తేలదు. తల గుండ్రంగా ఉండే .22 తూటాతో ఇంకో చిక్కు ఉంది. అది నారలను పక్కకు నెట్టుకుంటూ దూరుతుంది, దాటిపోయాక నారలు కొంత వెనక్కి వస్తాయి, దాంతో రంధ్రం తూటా కన్నా చిన్నగా కనిపిస్తుంది. నిర్ణేతలు తూటా వ్యాసానికి సరిపోయే గేజ్‌ను రంధ్రంలో పెట్టి చూసేది ఇందుకే. చిరిగిన రంధ్రంలో గేజ్ కుదురుగా కూర్చోదు. కూర్చోని గేజ్ పక్కకు జరిగితే తొమ్మిది పది అవుతుంది, పది తొమ్మిదీ అవుతుంది.

వెనక అట్ట చేసే పని వర్క్‌షాపులో రేకుకు కన్నం కొట్టేటప్పుడు కింది అచ్చు చేసే పనిలాంటిది. అచ్చు రేకును గట్టిగా ఆనుకుని ఉంటే కన్నం అంచు నున్నగా వస్తుంది, మధ్యలో సందు ఎక్కువైతే అంచు వంగి గరుకు తేలుతుంది. ఈ పోలిక ఒక్కచోట ఆగిపోతుంది. అచ్చులో కన్నం ముందే ఉంటుంది, మన అట్టకు మాత్రం కాగితంతో పాటే కన్నం పడాలి. కాబట్టి అట్టను మనం ఒకదానికొకటి పొసగని రెండు గుణాలు అడుగుతున్నాం. కాగితం వంగకుండా వెనక నుంచి బిర్రుగా నిలబెట్టాలి, తూటాకు మాత్రం ఏమాత్రం ఎదురు చెప్పకుండా దారి వదలాలి. మందం పెరిగితే మొదటిది బాగుపడుతుంది, రెండోది చెడుతుంది. ఈ రెంటినీ ఒకేసారి తీర్చే వస్తువు కిరాణా కొట్టు ముందు పడి ఉండే అట్టపెట్టెలోనే ఉంది. రెండు పలుచని కాగితపు పలకలు, వాటి మధ్య అలల్లా ముడతలు పెట్టిన ఇంకో కాగితం, మిగిలిందంతా గాలి. పలకల మధ్య ఎడం ఉండటం వల్ల అట్ట వంగడానికి ఒప్పుకోదు. తూటా దారిలో పడే పదార్థం మాత్రం మూడు కాగితాల మందమే. అది తూటాను పక్కకు మళ్లించలేదు, పెచ్చులుగా ఎగరదు, వెనక్కి తన్నదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావడం న్యాయమే. పెల్లెట్ సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతో వస్తుంది. మిల్లీమీటరులో పదో వంతు మందమున్న కాగితాన్ని దాటడానికి దానికి మైక్రోసెకను కూడా పట్టదు. అట్టను చేరేసరికే కాగితం పని ముగిసిపోయిందిగా, వెనక ఏముంటే ఏమిటి? దాటింది పెల్లెట్ ముందు అంచు మాత్రమే అన్నది దీనికి జవాబు. పెల్లెట్ పొడవు ఆరు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. తల వెనక సన్నటి నడుము, దాని వెనక మళ్లీ వెడల్పయ్యే అంచు ఉంటాయి. ఇదంతా కాగితంలోంచి పోవడానికి 35 మైక్రోసెకన్ల దాకా పడుతుంది. తల కోసిన అంచును వెనక భాగం ఇంకోసారి నెడుతుంది. ఆనుకునే ఆధారం లేని కాగితం చిరిగేది ఈ వ్యవధిలోనే. రంధ్రం చుట్టూ మిల్లీమీటర్ల పొడవున పాకిన చీలికలే దీనికి రుజువు. తల దూరగానే పని అయిపోయేదైతే ఆ చీలికలు పడేవి కావు. అట్ట కాగితానికి పూర్తిగా ఆనుకుని ఉండాలని పట్టుబట్టడం ఇందుకే. మధ్యలో వేలు దూరేంత సందు ఉంటే అట్ట ఉన్నా లేనట్టే.

మన్నిక కోసం ప్లైవుడ్ పెడదామనే వాళ్లు చాలామంది. ఈ ఒక్క విషయంలో మొహమాటం లేకుండా చెప్పాలి: ఎయిర్ రైఫిల్ రేంజిలో ప్లైవుడ్ వద్దు. పోటీ పెల్లెట్ బరువు సుమారు 0.53 గ్రాములు, దాని శక్తి ఎనిమిది జౌళ్లకు అటూ ఇటూ. ఆ శక్తితో గట్టి పలకను తాకిన మెత్తటి సీసం చదునై వెనక్కి ఎగిరి రావచ్చు, పది మీటర్ల దూరంలో నిలబడ్డ పిల్లవాడి కంటికి అది తక్కువ ప్రమాదం కాదు. 2.6 గ్రాముల .22 తూటా సెకనుకు 330 మీటర్ల వేగంతో, 140 జౌళ్ల శక్తితో వస్తుంది. అది పలుచని ప్లైవుడ్‌ను చీల్చుకుని పోతుంది, పోతూ పెచ్చులు లేపుతుంది, పొరలు విడదీస్తుంది. థర్మాకోల్ చౌక, తేలిక, కానీ పెళుసు. పెల్లెట్ కన్నా పెద్ద గుంట పడుతుంది, పూసలు రాలి నేలంతా పరుచుకుంటాయి, నాలుగు షాట్లకే మధ్యలో ఆధారం పోతుంది. రబ్బరు పలక, మెత్తటి ఫోమ్ షీటు తూటా పోయాక తమ కన్నాన్ని తామే మూసుకుంటాయి కాబట్టి ఏళ్ల తరబడి ఉంటాయి. కానీ మెత్తదనం వల్ల కాగితం వాటిలోకి కుంగి సాగుతుంది. మనం తప్పించుకోవాలనుకున్నది సరిగ్గా దాన్నే. ఫ్లెక్సీ దుకాణాల్లో దొరికే సన్‌బోర్డు, ముడతల ప్లాస్టిక్ షీటు అట్టకు దగ్గరి పోటీదారులు. బిర్రుగా ఉంటాయి, తేలిగ్గా దారి ఇస్తాయి, అన్నిటికీ మించి తడవవు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర పట్టణాల్లో ఇది చిన్న సంగతి కాదు. గాలిలోని తేమ నారల మధ్య బంధాల్లోకి చొరబడి కాగితాన్ని మెత్తబరుస్తుంది. సాపేక్ష ఆర్ద్రత 50 శాతం నుంచి 90 శాతానికి పెరిగితే అట్టపెట్టెకు బరువు మోసే బలం దాదాపు సగానికి పడిపోతుంది. వానాకాలంలో ఆరుబయట రేంజికి ప్లాస్టిక్ షీటు వాడటం తప్పు కాదు. గది లోపల మాత్రం అట్టను మించినది లేదు.

అట్ట చౌకే గానీ తొందరగా పాడవుతుందన్న ఫిర్యాదు నిజమే. అయితే అది ఎక్కడ పాడవుతుందో చూస్తే మన్నిక మీద పెట్టుకున్న ఆశ ఎంత తప్పుదోవ పట్టిస్తుందో అర్థమవుతుంది. పోటీలో అరవై షాట్లు. కాస్త చేయి తిరిగిన షూటర్ కొట్టే పెల్లెట్లన్నీ రూపాయి బిళ్ల పట్టేంత చోటులోనే పడతాయి. కాగితం కార్డులు ఎన్నిసార్లు మార్చినా వెనక అట్ట అదే అయితే, మొదటి ఇరవై ముప్పై షాట్లకే సరిగ్గా పది వెనక గుంత పడుతుంది. అప్పటి నుంచి ఏడో వలయంలో పడిన గురితప్పిన షాటుకు శుభ్రమైన రంధ్రం వస్తుంది, పదిలో పడిన మంచి షాటుకు చిరిగిన రంధ్రం వస్తుంది. కొలత ఎక్కడ ఖచ్చితంగా ఉండాలో అక్కడే చెడుతుందన్నమాట. అట్ట చుట్టూ బాగానే ఉంది కాబట్టి ఇంకా పనికొస్తుందని అనిపించడమే ఇందులోని ప్రమాదం. కాబట్టి పెద్ద పలక ఒకటి పెట్టి నెలల తరబడి వాడటం కన్నా, కార్డు కొలతకు, అంటే ఎనిమిది సెంటీమీటర్ల చదరానికి, అట్టను ముక్కలుగా కోసి పెట్టుకుని తరచుగా మార్చడం మేలు. పెద్ద పలకే వాడాల్సి వస్తే కార్డు అంటించే చోటు మారుస్తూ పోవాలి. పాత పెట్టెల అట్టయితే ఇనుప పిన్నులు, టేపు ముందే పీకేయాలి, మడత పడ్డ గీత మధ్యలోకి రాకుండా చూసుకోవాలి.

పోటీల కోసం తయారుచేసిన అసలు కార్డు కొంటే ఈ గొడవే ఉండదుగా అనేవారున్నారు. పది మీటర్ల వరకూ ఆ మాట చాలా మటుకు నిజం. ఆ కార్డు మందంగా ఉంటుంది, సాగకుండా తెగేలా చేస్తారు, నాలుగు అంచులా బిగించి పట్టే చట్రంలో ఉంటే అట్ట లేకపోయినా రంధ్రం గుండ్రంగా వస్తుంది. స్తోమత ఉన్న క్లబ్బు అదే చేయాలి. కానీ రోజూ సాధనలో వందల కార్డులు ఖర్చవుతాయి, అందుకే ఎక్కువమంది సాధనను 75 జీఎస్ఎం కాగితం మీద ముద్రించుకునే సాగిస్తున్నారు. అట్ట అత్యవసరమయ్యేది వాళ్లకే. ఎన్‌సీసీలోనైతే గ్రూపింగ్‌ను, అంటే షాట్లు ఎంత దగ్గరదగ్గరగా పడ్డాయన్నదాన్ని, రంధ్రాల మధ్య దూరంతో కొలుస్తారు. రేకులు విచ్చుకున్న రంధ్రానికి మధ్య ఎక్కడో చెప్పలేనప్పుడు ఆ దూరమూ నమ్మదగింది కాదు.

అలాగని ప్రతి రేంజికీ ఇంత పట్టింపు అవసరం లేదు. 25 మీటర్ల ప్రెసిషన్ పిస్టల్ టార్గెట్‌లో పది వ్యాసం 50 మిల్లీమీటర్లు, వలయాల మధ్య 25 మిల్లీమీటర్ల ఎడం. 300 మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పది ఏకంగా 100 మిల్లీమీటర్లు. అక్కడ రంధ్రం అంచు ఒక మిల్లీమీటరు చెదిరినా గీత మీద పడిన అరుదైన షాటుకు తప్ప తేడా రాదు. సైనిక, పోలీసు రేంజిల్లో చెక్క చట్రానికి గోనెపట్టా బిగించి, దాని మీద పిండి బంకతో కాగితం అంటించే పాత పద్ధతి ఇన్నాళ్లు నిలిచింది కూడా ఇందుకే. తూటా పోయేటప్పుడు గోనె పోగులు పక్కకు జరిగి మళ్లీ దగ్గరవుతాయి, రంధ్రం మీద చిన్న కాగితం ముక్క అతికిస్తే టార్గెట్ మళ్లీ సిద్ధం. పెద్ద వలయాలున్న చోట మన్నికను మొదట చూడొచ్చు. వలయాల ఎడం తూటా వ్యాసం కన్నా చిన్నదైన చోట, అంటే ఎయిర్ రైఫిల్ దగ్గర, అలా చూడటానికి వీల్లేదు.

యాభై మీటర్ల రేంజిలో వెనక అట్టకు ఇంకో ఉద్యోగం కూడా ఉంది. టార్గెట్‌కు ఆనించే అట్ట కాకుండా, అర మీటరు నుంచి మీటరు వెనక ఇంకొక కార్డు పెడతారు. ఒక షూటర్ పొరపాటున పక్కవాడి టార్గెట్‌ను కొట్టాడనుకుందాం. ఇద్దరి మధ్య దూరం 1.25 మీటర్లు. యాభై మీటర్లలో 1.25 మీటర్లు ఏటవాలుగా వచ్చిన తూటా, ఇంకో మీటరు పోయేసరికి 25 మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. ముందు కార్డు మీది రంధ్రాన్నీ వెనక కార్డు మీది రంధ్రాన్నీ పోల్చి చూస్తే ఆ షాటు ఎవరిదో స్కేలుతో కొలిచి చెప్పొచ్చు. వాదన తీర్చడానికి సాక్షులతో పని లేదు, కెమెరాతోనూ పని లేదు. ఎలక్ట్రానిక్ టార్గెట్లు వచ్చాక కాగితం సంగతెందుకనే వారికి జవాబు కూడా ఇందులోనే ఉంది. ఎలక్ట్రానిక్ టార్గెట్ చూపిన పాయింటు మీద ఫిర్యాదు వచ్చినప్పుడు నిర్ణేతలు వెళ్లి చూసేది దాని వెనక పెట్టిన కార్డునే.

చివరగా క్లబ్బులు నడిపేవారికి, పిల్లలకు నేర్పేవారికి ఒక విన్నపం. వెనక అట్ట తూటాను ఆపదు. ఆపడానికి దాని వెనక ఇనుప ట్రాప్ గానీ మట్టి కట్ట గానీ వేరుగా ఉండి తీరాలి. రేంజిలో ఉన్న ప్రతి ఒక్కరూ కళ్లద్దాలు పెట్టుకోవాలి. వాడిన అట్టల నిండా సీసపు పొడి ఉంటుంది. వాటిని చలిమంటకు వాడకండి, పాత కాగితాలవాడికి అమ్మకండి. విడిగా సంచిలో కట్టి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే వారికి అప్పగించండి. అట్టలు మార్చిన పిల్లలు తిండి ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కునేలా చూడండి.