140 పీఎస్ సరే.. నడుపుతుంటే ఎలా ఉంది?

ముందు ఒక చిన్న ప్రశ్న. 1964లో రోడ్డెక్కిన మొదటి పోర్షే 911 ఒకవైపు. 2019లో మన పెనుకొండ పక్కన ఎర్రమంచిలో తయారై బయటికొచ్చిన కియా సెల్టోస్ టర్బో పెట్రోల్ ఇంకోవైపు. రెండింట్లో పవర్ దేనికి ఎక్కువ?

సెల్టోస్‌కే. దాని 1.4 లీటర్ ఇంజిన్ ఇచ్చేది 140 పీఎస్. ఆనాటి 911లో ఉన్న 2 లీటర్ ఇంజిన్ 130 పీఎస్ దగ్గరే ఆగిపోయింది. అయినా హాస్టల్ గదిలో గోడకు అంటించుకునే పోస్టర్ మాత్రం 911దే. అరవై ఏళ్ల కిందటి ఆ రెండు తలుపుల కారుకు ఇప్పటికీ కోట్లు పోసేవాళ్లున్నారు. పది పీఎస్ తక్కువైన బండిలో అంత ఏముంది?

'ఏముంది, బ్రాండ్ పిచ్చి' అంటారా? నేనూ అలాగే అనుకున్నా. మెకానికల్ ఫైనలియర్‌లో ఓ కంపెనీ ఇంటర్వ్యూలో నన్నడిగిన ప్రశ్న దాదాపు ఇదే. 'రెండు కార్లకూ హార్స్‌పవర్ ఒకటే. ఒకటి కాలు పెట్టగానే దూకుతుంది, రెండోది 4 వేల ఆర్‌పీఎం దాటాకే నిద్ర లేస్తుంది. ఎందుకు?' నేను పవర్ నిర్వచనం అప్పజెప్పాను. తర్వాత టార్క్ నిర్వచనం. రెండూ కరెక్టే. ఉద్యోగం రాలేదు. వాళ్లడిగింది నిర్వచనం కాదని బస్సెక్కి అనంతపురం చేరేదాకా నాకు వెలగలేదు.

ఈ పేజీ చదివే మెకానికల్, ఆటోమొబైల్ విద్యార్థులు ఆ తప్పు చేయకూడదనే ఇదంతా.

పికప్ అంటే ఏమిటి?

మన దగ్గర ఈ మొత్తం వ్యవహారానికి ఒకటే మాట ఉంది.. పికప్. 'బండికి పికప్ లేదప్పా' అంటే అందరికీ అర్థమైపోతుంది. కానీ బ్రోషర్‌లో పికప్ అనే కాలమ్ ఉండదు. అక్కడుండేది గరిష్ఠ పవర్, గరిష్ఠ టార్క్, అవి వచ్చే ఆర్‌పీఎం. ఆ నాలుగు అంకెల నుంచి పికప్‌ను మనమే బయటికి లాగాలి.

లెక్క చాలా తేలిక. న్యూటన్ మీటర్లలో ఉన్న టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి 7,023తో భాగించండి. వచ్చేదే ఆ వేగం దగ్గర ఇంజిన్ ఇస్తున్న పవర్, పీఎస్‌లలో. అంటే పవర్ అనేది టార్క్‌కు పోటీ కాదు. టార్క్ ఎంత, అది నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతూ వస్తోంది అన్న రెండింటి లబ్ధమే పవర్.

ఇప్పుడు సెల్టోస్‌కు వేద్దాం. ఆ టర్బో ఇంజిన్ 1,500 నుంచి 3,200 ఆర్‌పీఎం దాకా 242 ఎన్ఎం టార్క్ ఇస్తుంది. 1,500 దగ్గరే 52 పీఎస్ చేతిలో ఉంటుంది. 3,200కు వచ్చేసరికి 110. ఆ తర్వాత 6,000 వరకు తిప్పినా వచ్చేది ఇంకో 30 మాత్రమే. అక్కడికి టార్క్ 164కు పడిపోయి ఉంటుంది. కాబట్టి ఈ బండిలో సరుకంతా కిందే ఉంది. ఆర్టీసీ బస్సును దాటాలంటే కాలు కాస్త నొక్కితే చాలు, పనైపోతుంది. ఇంజిన్‌ను అరిపించాల్సిన పనే లేదు, అరిపించినా పెద్దగా ఒరిగేదీ లేదు.

911 కథ వేరు. దాని గరిష్ఠ టార్క్ 174 ఎన్ఎం, అదీ 4,200 ఆర్‌పీఎం దగ్గర. లెక్కేస్తే అక్కడ 104 పీఎస్. 6,100 దగ్గర 130 పీఎస్ అంటే, వెనక్కి లెక్కేయండి, టార్క్ ఇంకా 150 దాకా నిలబడే ఉంది. పైకి వెళ్లేకొద్దీ ఊపిరి తెగని ఇంజిన్ అన్నమాట. కానీ కింద అంత బలం లేదు. అందుకే డ్రైవర్‌కు పని పడుతుంది. మలుపుకు ముందే గేర్ దించాలి, ఇంజిన్‌ను 4 వేల పైన పట్టుకోవాలి, చప్పుడు మారేదాకా ఆగాలి, అప్పుడు మళ్లీ గేర్. ఎక్కువ పవర్ ఇచ్చే బండికీ, మన చేత పని చేయించుకునే బండికీ తేడా ఇదే. పోస్టర్ మీదకెక్కింది రెండోది.

పాత బ్రోషర్లు చదివేటప్పుడు ఒక జాగ్రత్త. అమెరికాలో 1972 వరకు కంపెనీలు ఎక్కువగా 'గ్రాస్' హార్స్‌పవర్ వేసుకునేవి. ఫ్యాను, ఆల్టర్నేటర్, సైలెన్సర్ లాంటివి పీకేసి ఒట్టి ఇంజిన్‌ను కొలిచిన అంకె అది. డాట్సన్ 240జెడ్ 151 హార్స్‌పవర్ అని చదివి ఇప్పటి కారుతో పోల్చేస్తే లెక్క తప్పుతుంది.

బరువు సంగతి ఎవరూ అడగరు

మొదటి 911 బరువు 1,080 కిలోలు. అంటే టన్నుకు 120 పీఎస్. దీనికన్నా నాకు ఇష్టమైన ఉదాహరణ మరొకటుంది. 1960ల నాటి లోటస్ ఎలాన్. ముందు ఓపెన్ టాప్‌గా వచ్చింది, 1965లో కూపే వచ్చింది. 1.6 లీటర్ల లోపు ఇంజిన్, దాదాపు 105 హార్స్‌పవర్. బరువు? 700 కిలోల లోపే. మన మారుతి 800 ఎంత తూగుతుందో చూడండి, 650 పైచిలుకు. ఇంచుమించు 800 అంత తేలికైన బండిలో, 800కున్న 37 హార్స్‌పవర్‌కు మూడింతలకు కాస్త తక్కువ పెట్టారన్నమాట. ఆ కారు స్టీరింగ్ అంటే మెక్‌లారెన్ ఎఫ్1ను డిజైన్ చేసిన గోర్డన్ మరేకు ఎంత ఇష్టమో కార్ల లోకంలో అందరికీ తెలుసు.

ఇక్కడో తమాషా చెప్పాలి. 1989లో లోటస్ అదే ఎలాన్ పేరుతో కొత్త కారు చేసింది. ఇది ఫ్రంట్ వీల్ డ్రైవ్, ఇంజిన్ ఇసుజుది. లోటస్ దాన్ని ఆపేశాక హక్కులు కొనుక్కున్నదెవరో తెలుసా? కియా! ఇసుజు ఇంజిన్ తీసేసి, తన 1.8 లీటర్ ఇంజిన్ పెట్టి, 1996 నుంచి 1999 వరకు 'కియా ఎలాన్' పేరుతో అమ్మింది. ఎన్‌హెచ్-44 మీద బెంగళూరు వెళ్తూ ఎర్రమంచి దగ్గర కిటికీలోంచి చూసే ఆ బోర్డు వెనక ఒక స్పోర్ట్స్ కారు చరిత్ర కూడా ఉంది. నాకు తెలిసిన కియా ఉద్యోగుల్లోనే చాలామందికి ఈ సంగతి తెలియదు.

బరువు తగ్గితే పరుగు ఒక్కటే పెరగదు. బ్రేకు త్వరగా పడుతుంది. టైరు సన్నగా ఉన్నా సరిపోతుంది. సన్నటి టైరుకు పవర్ స్టీరింగ్ అక్కర్లేదు. మధ్యలో మోటారు లేకపోతే రోడ్డు మీది ప్రతి గతుకూ నేరుగా చేతికి తెలుస్తుంది. అలాగే బరువు ఎక్కడుందన్నదీ ముఖ్యమే. 911 ఇంజిన్ వెనక చక్రాలకూ వెనక వేలాడుతుంది. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తే బండి తోక తిప్పేసేది. ఆ కోపాన్ని తగ్గించడానికి పోర్షే 1969 మోడల్‌కు వీల్‌బేస్ 57 మిల్లీమీటర్లు పెంచింది. 2,211 నుంచి 2,268కి. మూడు వేళ్ల వెడల్పు. పవర్ అంకెతో సంబంధం లేని మార్పుతోనే బండి స్వభావం మార్చేశారు.

కోట్లు పెట్టే పోర్షే మనకు దొరకదు సరే. కానీ ఇదే పాఠం నాకు నేర్పింది చిన్నాన్న మారుతి 800. పెనుకొండ నుంచి మడకశిర వెళ్లే ఘాట్‌లో మొదటిసారి నడిపినప్పుడు మూడో గేర్లో తొక్కుతూ పోతున్నా. బండి వణుకుతోంది, ఎక్కట్లేదు. పక్క సీట్లోంచి చిన్నాన్న, 'ఏమప్పా, అది ఏడుస్తాంది ఇనపళ్లేదా? రెండుకి దించు' అన్నాడు. దించాను. ఇంజిన్ టార్క్ అదే 59 ఎన్ఎం. కానీ గేర్ దాన్ని ఎక్కువ రెట్లు చేసి చక్రానికి పంపింది, ఆర్‌పీఎం పెరిగి పవర్ కూడా అందింది. బండి పైకెక్కింది. గంటకు 35 కిలోమీటర్లు కూడా లేదు. అయినా చేతులకు, నడుముకు, చెవులకు అంతా తెలిసింది. మొన్నీమధ్య అదే ఘాట్‌లో స్నేహితుడి సెల్టోస్ నడిపాను. హాయిగా, మాటలు చెప్పుకుంటూ ఎక్కేశాం. నిజం చెప్పాలంటే రోజూ ఆఫీసుకు వెళ్లడానికి నేను సెల్టోస్‌నే ఎంచుకుంటా. కానీ ఆ రోజు ఏ మలుపు ఎలా తిరిగానో అడిగితే చెప్పలేను.

ఆ ఘాట్‌లో లోయలున్నాయి, ప్రమాదాలూ జరిగాయి. ఫీల్ కోసం స్పీడ్ అక్కర్లేదని చెప్పడానికే ఈ ముచ్చట.

అనంతపురం ఎండ కూడా లెక్కలోకొస్తుంది

'సాయంత్రం బండి బాగా లాగుతుంది, మధ్యాహ్నం లాగదు' అని మన లారీ డ్రైవర్లు అనడం వినే ఉంటారు. అది భ్రమ కాదు. ఇంజిన్ మింగేది గాలి. వేడెక్కితే గాలి పలచబడుతుంది. సముద్ర మట్టం దగ్గర 25 డిగ్రీల్లో ఉండే గాలితో పోలిస్తే, సుమారు 335 మీటర్ల ఎత్తున్న అనంతపురంలో 40 డిగ్రీల మధ్యాహ్నం గాలి సాంద్రత 8 శాతానికి పైగా తగ్గుతుంది. టర్బో లేని ఇంజిన్‌కు ఆ మేరకు ఊపిరి తగ్గినట్టే. మరి చల్లటి బెంగళూరు చేరితే బాగుపడుతుందా? అక్కడ 25 డిగ్రీలే ఉన్నా ఎత్తు 900 మీటర్లు దాటుతుంది కాబట్టి తగ్గుదల దాదాపు 10 శాతం! మన ఎండకన్నా వాళ్ల ఎత్తే ఎక్కువ తినేస్తుంది. ఈ లెక్క వేసిన రోజు నేనే నమ్మలేక రెండుసార్లు సరిచూసుకున్నా. టర్బో ఉంటే ఆ లోటును చాలావరకు అదే పూడ్చుకుంటుంది.

ఈ ఫీల్‌ను తయారుచేసే ఉద్యోగాలు

ఇదంతా పాత కార్ల ముచ్చట అనుకోకండి. ఒకప్పుడు స్టీరింగ్ బరువును ఇనుప రాడ్లు, టైరు వెడల్పు నిర్ణయించేవి. ఇప్పుడు ఆ పని కోడ్ చేస్తోంది. స్పోర్ట్ మోడ్ నొక్కగానే బండి దూకినట్టనిపిస్తుంది కదా? మామూలు కార్లలో దానివల్ల గరిష్ఠ పవర్ ఒక్క పీఎస్ కూడా పెరగదు. పెడల్‌ను ఎంత నొక్కితే ఎంత స్పందించాలన్న పట్టిక మారుతుంది, గేర్ ఆలస్యంగా మారుతుంది, స్టీరింగ్ మోటారు సాయం కాస్త తగ్గిస్తుంది. హ్యుందాయ్ ఐయానిక్ 5 ఎన్ అనే ఎలక్ట్రిక్ కారులో అసలు లేని గేర్లను ఉన్నట్టు అనిపించే ఏర్పాటే పెట్టారు. ఆ కుదుపును కూడా ఎవరో ఒక ఇంజినీర్ కూర్చుని ట్యూన్ చేశాడు.

ఆ ఇంజినీర్‌ను క్యాలిబ్రేషన్ ఇంజినీర్ అంటారు. మలుపులు, బ్రేకులు, సస్పెన్షన్ చూసేవాళ్లు వెహికల్ డైనమిక్స్ వాళ్లు. చప్పుడు, వణుకు చూసేది ఎన్‌వీహెచ్ విభాగం. ఎర్రమంచి లాంటి ప్లాంట్లలో ఎక్కువగా ఉండేది ఉత్పత్తి, క్వాలిటీ పనులు. ట్యూనింగ్ కావాలంటే ఆర్ అండ్ డీ కేంద్రాల వైపు చూడాలి. హైదరాబాద్‌లో హ్యుందాయ్ మోటార్ ఇండియా ఇంజినీరింగ్ ఉంది. బెంగళూరులో బాష్, మెర్సిడెస్ బెంజ్ ఆర్ అండ్ డీ ఉన్నాయి. పరీక్షల వైపు అయితే పుణెలో ఏఆర్ఏఐ, చెన్నై దగ్గర ఒరగడంలో జీఏఆర్సీ, ఇండోర్ దగ్గర పీథంపూర్‌లో 11.3 కిలోమీటర్ల హైస్పీడ్ ట్రాక్ ఉన్న నాట్రాక్స్. మ్యాట్‌ల్యాబ్, సిమ్యులింక్ రాకుండా ఈ గుమ్మాల దగ్గరికి వెళ్లడం దండగ. కాలేజీలో బాజా, ఫార్ములా భారత్ టీమ్ ఉంటే ఎలాగైనా దూరండి. స్పానర్ పట్టుకునే పనైనా సరే.

టీమ్ లేని కాలేజీనా? మాదీ అంతే. అలాగైతే ఈ పని చేయండి. ఈమధ్య కార్లలో స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టు ఉంటుంది. దానికి పెట్టే బ్లూటూత్ రీడర్ ఒకటి కొనుక్కోండి లేదా అడిగి తెచ్చుకోండి. ఖాళీగా ఉన్న చదును రోడ్డు మీద వేరొకరు నడుపుతుంటే, మీరు పక్కన కూర్చుని వేగం, ఆర్‌పీఎం రికార్డు చేయండి. మనుషులతో కలిపి కారు 1,400 కిలోలు, 50 నుంచి 60కి చేరడానికి 2 సెకన్లు పట్టిందనుకోండి. త్వరణం సెకనుకు సెకనుకు 1.39 మీటర్లు. దాన్ని బరువుతో గుణిస్తే 1,944 న్యూటన్ల బలం. సగటు వేగంతో గుణిస్తే దాదాపు 30 కిలోవాట్లు, అంటే 40 పీఎస్. గాలి నిరోధం, టైర్ల రాపిడి ఇందులో కలపలేదు, అవి మీరు కలపండి. ఇలా వేర్వేరు ఆర్‌పీఎంల దగ్గర చేసి పైథాన్‌లో గ్రాఫ్ గీయండి. బ్రోషర్‌లోని గరిష్ఠ అంకెకు, మీ గ్రాఫ్‌కు తేడా ఎక్కడొచ్చిందో రెండు పేజీల్లో రాసి రెజ్యూమేకు జతచేయండి.

గ్రాఫ్ కింద ఆ రోజు ఉష్ణోగ్రత, కారులో ఎంతమంది కూర్చున్నారో రాయడం మాత్రం మర్చిపోకండి. ఇంటర్వ్యూ బోర్డులో పనితెలిసినవాడు ఒక్కడున్నా ముందు అడిగేది అదే.