ఉత్తరంలో దాగిన వేగు

1992 మార్చి 11న అమెరికాలోని బెల్‌కోర్ పరిశోధన సంస్థలో పనిచేస్తున్న నేథనియల్ బోరెన్‌స్టీన్ ఒక ఈమెయిల్ పంపారు. అందులో నలుగురు గాయకుల ఫోటో ఉంది. వారి పాట కూడా ఉంది. ఆ నలుగురిలో ఒకరు బోరెన్‌స్టీనే. ఎప్పటికైనా తన మనుమల ఫోటోలు ఈమెయిల్‌లో అందుకోవాలన్నది ఆయన కోరిక.

అంతవరకు ఇంటర్నెట్ ఈమెయిల్ నియమాలు ఇంగ్లీషు అక్షరాలను, అంకెలను, కొన్ని గుర్తులను మాత్రమే గుర్తించేవి. ఆ ఇరుకు బాటలో బొమ్మను నడిపించడానికి ఆయన, నెడ్ ఫ్రీడ్ కలిసి మైమ్ అనే పద్ధతిని రూపొందించారు. బొమ్మలోని సమాచారాన్ని మూడు బైట్లకు నాలుగు అక్షరాల చొప్పున మార్చి పంపుతారు. అందుకున్న ప్రోగ్రాం వాటిని తిరిగి బొమ్మగా కూరుస్తుంది. ఇందువల్ల బొమ్మ బరువు మూడోవంతు పెరుగుతుంది. అయితేనేం, బొమ్మ ఉత్తరంతోపాటే చేరుతుంది. దానిని ఎవరు ఎప్పుడు చూసిందీ పంపినవారికి తెలియదు.

రెండవ పద్ధతి వేరు. ఉత్తరాలను వెబ్ పేజీల మాదిరిగా తీర్చిదిద్దడం మొదలైన తరువాత, బొమ్మకు బదులు అది ఉన్న చోటు చిరునామా మాత్రమే పంపే వాడుక వచ్చింది. ఉత్తరం విప్పగానే ప్రోగ్రాం ఆ సర్వర్‌ను అడిగి బొమ్మను తెచ్చుకుంటుంది.

చిక్కంతా ఆ అడగడంలోనే ఉంది. ఏ వేళ, ఏ నెట్‌వర్కు చిరునామా నుంచి అడిగారో సర్వర్ రాసి ఉంచగలదు. ఒక్కొక్కరికి పంపే బొమ్మ చిరునామాలో ఒక్కొక్క సంఖ్య చేరిస్తే, ఫలానా మనిషి ఫలానా గంటకు ఉత్తరం తెరిచాడని, ఇంచుమించు ఏ ప్రాంతం నుంచో కూడా పంపినవారికి తెలిసిపోతుంది. ఇందుకు బొమ్మ కంటికి కనిపించనక్కరలేదు. అడ్డం ఒక చుక్క, నిలువు ఒక చుక్క గల పారదర్శకమైన బొమ్మ చాలు.

పూర్వం రిజిస్టర్డు ఉత్తరం తెచ్చిన తపాలా జవాను రసీదు కార్డుపై సంతకం అడిగేవాడు. ఈ చుక్క ఎవరినీ అడగదు. అందుకున్నవారి సంతకం తానే పెట్టి పంపుతుంది. నింపాదిగా రేపు జవాబు రాద్దామనుకున్న మనిషికి, తాను చదివిన సంగతి అవతల అప్పుడే నమోదైందన్న ఎరుకే ఉండదు. మోసపు ఉత్తరాలు పంపేవారికైతే ఆ చిరునామాలో మనిషి ఉన్నాడని రూఢి అవుతుంది.

ప్రోగ్రాములు తయారుచేసేవారు ఊరుకోలేదు. మైక్రోసాఫ్ట్ వారి అవుట్‌లుక్ 2003 బయటి బొమ్మలను తనంతట తాను తేవడం మానివేసింది. 2013 డిసెంబరులో జీమెయిల్ వాటిని గూగుల్ సర్వర్ల ద్వారా తెప్పించి చూపడం ఆరంభించింది. చదువరి ఎక్కడున్నదీ దానితో మరుగుపడింది. ఉత్తరం తెరిచాడన్న కబురు మాత్రం చేరే వీలుంది. 2021లో ఆపిల్ మరో ఎత్తు వేసింది. ఈ రక్షణ కోరుకున్నవారికి వచ్చిన ఉత్తరాల్లోని బొమ్మలను, వారు చదివినా చదవకపోయినా, మధ్యవర్తి సర్వర్ల ద్వారా ముందే తెప్పిస్తుంది. ఎవరు నిజంగా చదివారో తేల్చుకోవడం పంపినవారికి కష్టమైంది.

చదువరి చేతిలోనూ ఒక గడియ ఉంది. బయటి బొమ్మలు చూపేముందు తనను అడగాలని జీమెయిల్ వంటి ప్రోగ్రాముల సెట్టింగుల్లో చెప్పుకోవచ్చు. అప్పుడు ప్రకటనల ఉత్తరాల్లో కొన్ని ఖాళీ గడులు కనిపిస్తాయి. మనుమల ఫోటోకు మాత్రం లోటు రాదు. ఉత్తరానికి జోడించి పంపితే అది ఉత్తరంతోపాటే వస్తుంది. తాతగారు దానిని ఎన్నిసార్లు చూసుకున్నారో ఎవరికీ చెప్పదు.