చూసింది చూసినట్టు: పసిపిల్లల ప్రవర్తనను బడిలో నమోదు చేసే పద్ధతి

మూడేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలకు ప్రశ్నపత్రం ఇచ్చి వాళ్లకు ఏమి తెలుసో తేల్చడం కుదరదు. అడిగిన ప్రశ్నకు వాళ్లు చెప్పే జవాబు ఆ పూట ఆకలి మీద, నిద్ర మీద, అడిగినవారి ముఖం మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి ఈరోజు తెలిసినట్టు కనిపించినది రేపు తెలియనట్టు కనిపిస్తుంది. అందువల్ల ఈ వయసు పిల్లల ఎదుగుదలకు ముఖ్యమైన సాక్ష్యం వాళ్ల ప్రవర్తన, అంటే వాళ్లు చేతులతో చేసే పని, నోటితో అనే మాట, చూపు నిలిపే చోటు. ఆ ప్రవర్తనను ఒక ఉద్దేశంతో, ఒక క్రమం ప్రకారం చూడటాన్ని పరిశీలన అనీ, చూసినదాన్ని అక్కడ లేని మరొకరు చదివినా అర్థమయ్యేలా రాసిపెట్టడాన్ని నమోదు అనీ అంటారు. వినడానికి సులువుగా తోచే ఈ రెండో పనిలోనే అసలు కష్టమంతా ఉంది.

ఈ అలవాటు ఇళ్లలో మొదలై బడికి చేరింది. చార్లెస్ డార్విన్ 1839 డిసెంబరులో పుట్టిన తన పెద్దకొడుకు విలియంలో కోపం, భయం, నవ్వు ఎప్పుడెప్పుడు ఎలా కనిపించాయో రాసుకుని, దాదాపు 37 ఏళ్లకు, 1877లో, ‘మైండ్’ అనే పత్రికలో వ్యాసంగా ప్రచురించారు. తండ్రి రాసుకున్న దినచర్యలో ఉండేది ఒకే బిడ్డ, ఒకే ఇల్లు. పైగా చూసేవి ముచ్చటపడే కళ్లు. 1907లో రోమ్ నగరంలోని శాన్ లొరెంజో పేదవాడలో ‘పిల్లల గృహం’ తెరిచిన మరియా మాంటిస్సోరి, జోక్యం చేసుకోకుండా చూడగలగడం ఉపాధ్యాయురాలికి ఉండాల్సిన మొదటి నైపుణ్యాల్లో ఒకటని భావించారు. 1924 నుంచి 1927 వరకు ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో మాల్టింగ్ హౌస్ బడిని నడిపిన సుసాన్ ఐజాక్స్, సహోద్యోగులతో కలిసి పిల్లల మాటలను, చేతలను నమోదు చేయించి, వాటి ఆధారంగా 1930లో ఒకటి, 1933లో మరొకటి చొప్పున రెండు గ్రంథాలు వెలువరించారు. చిన్నపిల్లలు కార్యకారణ సంబంధాన్ని తర్కించలేరన్న మనోవిజ్ఞానవేత్త జీన్ పియాజే అభిప్రాయాన్ని ఆమె ఆ రికార్డుల బలంతోనే ప్రశ్నించారు. తమకు ఆసక్తి ఉన్న వస్తువు చేతిలో ఉండి, అడిగే స్వేచ్ఛ కూడా ఉన్నప్పుడు పసిపిల్లలు సైతం కారణాలు వెతుకుతారని ఆ పుటలు చూపించాయి.

తరగతిలో నమోదుకు ఇప్పుడు వాడుకలో ఉన్న పద్ధతులు ప్రధానంగా నాలుగు. అర్థవంతమని తోచిన ఒక చిన్న ఘట్టాన్ని అది జరిగిన వెంటనే నాలుగైదు వాక్యాల్లో రాసేది సంఘటన రికార్డు. ఒక నిర్ణీత సమయంలో ఒక బిడ్డ చేసినదంతా ఏదీ వదలకుండా వరుసగా రాస్తూ పోయేది నిరంతర రికార్డు. ముందుగా తయారుచేసుకున్న జాబితాలో కనిపించిన ప్రవర్తన ఎదుట టిక్కు పెట్టేది శోధన సూచిక, అంటే చెక్‌లిస్టు. ఇది త్వరగా పూర్తవుతుంది గాని ఆ పని ఏ పరిస్థితిలో జరిగిందో చెప్పదు. ఇక నాలుగోది నమూనా పద్ధతి. రోజంతా చూడటం ఎవరికీ సాధ్యం కాదు కాబట్టి, కొన్ని నియమిత నిమిషాలనో, ఒక రకం సంఘటనలనో మాత్రమే ఎంచుకుని వాటిని గట్టిగా పట్టుకోవడం దీని సూత్రం.

నమూనా పద్ధతి ఎంత చెప్పగలదో రెండు పాత అధ్యయనాలు తెలియజేస్తాయి. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన మిల్‌డ్రెడ్ పార్టెన్, శిశువిహారంలో పిల్లలు స్వేచ్ఛగా ఆడుకునే వేళ ఒక్కొక్కరిని ఒక్కో నిమిషం చొప్పున, వేర్వేరు రోజుల్లో మళ్లీ మళ్లీ చూసి, 1932లో ఫలితాలు ప్రచురించారు. పక్కపక్కనే కూర్చుని ఎవరి ఆట వాళ్లు ఆడుకునే సమాంతర క్రీడ చిన్నవాళ్లలో ఎక్కువనీ, పాత్రలు పంచుకుని ఒకే లక్ష్యంతో ఆడే సహకార క్రీడ వయసుతో పాటు పెరుగుతుందనీ ఆ నిమిషాలే చెప్పాయి. హెలెన్ డావే 1934లో ప్రచురించిన అధ్యయనంలో రెండేళ్ల నుంచి అయిదేళ్ల మధ్య వయసున్న 40 మంది పిల్లల మధ్య వాటంతటవే పుట్టిన 200 తగాదాలను నమోదు చేశారు. తగాదా మొదలవగానే గడియారం చూసి, అంతకుముందు ఏమి జరిగింది, ఎవరు ఏమన్నారు, ఎలా ముగిసింది అని రాయగా తేలినది ఏమిటంటే, సగటున ఒక్కో తగాదా అరనిమిషం కూడా సాగలేదు, ఎక్కువ భాగం ఏదో ఒక వస్తువు కోసం వచ్చినవే. పొద్దంతా కొట్టుకుంటూనే ఉంటారని పెద్దలకు కలిగే అభిప్రాయం గడియారం ముందు నిలబడలేదు.

అభిప్రాయానికీ నమోదుకూ ఉన్న ఈ దూరం భాషలోనే మొదలవుతుంది. ఒక అంగన్‌వాడీ కేంద్రంలో చింతగింజలతో ఆడుకుంటున్న నాలుగేళ్ల పాపను ఉదాహరణగా ఊహించవచ్చు. రిజిస్టరులో ఒక టీచరు ఇలా రాయవచ్చు: ‘పాప ఈరోజు మొండిగా ప్రవర్తించింది, ఎవరితోనూ కలవలేదు, పిలిస్తే రాలేదు.’ అదే ఘట్టాన్ని ఇంకొక టీచరు ఇలా రాయవచ్చు: ‘10.20. పాప మిగతావాళ్లకు రెండు బారల దూరంలో కూర్చుని, గింజలను నేలమీద వరుసగా పేర్చి, ఒక్కో గింజను వేలితో తాకుతూ పెదవులు కదిపింది. ఏడో గింజ దగ్గర ఒక బాబు వచ్చి రెండు గింజలు తీయబోతే వరుస మీద అరచెయ్యి పెట్టి, “పది అయినాక ఇస్తా” అంది. బాబు పక్కనే కూర్చున్నాడు. భోజనానికి పిలిచినప్పుడు తల ఎత్తి చూసి, మళ్లీ వంచింది. రెండోసారి పిలిచాక గింజలన్నీ గిన్నెలోకి ఎత్తి, గిన్నెను కిటికీ గూట్లో పెట్టి వచ్చింది.’

మొదటి రికార్డులో ఉన్నది తీర్పు; రెండోదానిలో ఉన్నది సాక్ష్యం. ఒక్కో వస్తువుకు ఒక్కో సంఖ్యను జతచేసే ఏకైక సంబంధం ఆ పాపకు పట్టుబడుతోందనీ, గొడవను మాటతో వాయిదా వేయగలిగిందనీ, ఆపిన పనిని మళ్లీ అందుకోవడానికి దాచుకుందనీ దాని నుంచి తర్వాత తీరుబడిగా ఊహించవచ్చు. ఆ ఊహ తప్పయితే ఇంకొకరు అదే రికార్డు చదివి దిద్దవచ్చు. ‘మొండి’ అన్న మాటను దిద్దే దారి లేదు. మొండి, పెంకి, మెతక, మందకొడి వంటి విశేషణాలు బిడ్డకు అంటుకుపోతాయి. క్రియాపదాలు మాత్రం జరిగిన పని దగ్గరే ఆగుతాయి. ‘పేర్చి, తాకి, చూసి, ఎత్తి’ అంటూ ఒక పని వెంట మరొక పనిని కూర్చగల క్త్వార్థకాలు తెలుగులో ఉన్నందువల్ల, వరుసగా జరిగినదాన్ని వరుస చెడకుండా రాయడానికి ఈ భాష ఎంతో అనువైనది. తీర్పు సాక్ష్యంలో కలిసిపోకుండా ఉండేందుకే పరిశీలనను, దానిపై వ్యాఖ్యను కాగితం మీద రెండు వేర్వేరు గడుల్లో రాయాలని శిక్షణలో చెబుతారు.

జాగ్రత్తపరుల కళ్లు కూడా పొరబడతాయి. మనోవిజ్ఞానవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1920లో, సైన్యాధికారులు తమ కింది అధికారులకు ఇచ్చిన అంచనాలను పరిశీలించి, ఒక్క గుణంలో మెప్పించినవారికి సంబంధం లేని ఇతర గుణాల్లోనూ ఎక్కువ విలువ దక్కుతోందని చూపించారు. చంద్రుడి చుట్టూ కట్టే వరదగుడిలా ఒకే లక్షణం మనిషినంతా కమ్మేస్తుంది కాబట్టి దీనికి పరివేష ప్రభావం అని పేరు. శుభ్రమైన బట్టలతో, చక్కటి మాటతో వచ్చే బిడ్డ చేసిన అల్లరి ‘చురుకుదనం’గానూ, మరో బిడ్డ చేసిన అదే పని ‘దురుసుతనం’గానూ రిజిస్టరుకెక్కడం దీని పనే. దీనికి విరుగుడు, ఒకే బిడ్డను ఒకే సమయంలో ఇద్దరు విడివిడిగా నమోదు చేసి పోల్చుకోవడం. పరిశీలన సమయాన్ని 50 చిన్న వ్యవధులుగా విడగొట్టి రాసినప్పుడు, వాటిలో 45 చోట్ల ఇద్దరి రాతలూ ఒకటైతే ఏకాభిప్రాయం 90 శాతం. అయితే అరుదుగా జరిగే ప్రవర్తన విషయంలో ఇద్దరూ అన్నిచోట్లా ‘లేదు’ అని రాసినా ఈ అంకె పెద్దదిగానే వస్తుంది కాబట్టి, యాదృచ్ఛికంగా కలిసిన భాగాన్ని మినహాయించే కప్పా అనే కొలతను జేకబ్ కోహెన్ 1960లో ప్రతిపాదించారు.

మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దశకు 2022లో వెలువడిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఈ వయసులో మదింపుకు పిల్లలను పరిశీలించడం, వాళ్లు తయారుచేసిన వాటిని విశ్లేషించడం అనే రెండు దారులను ప్రధానంగా సూచించింది. వంట, బరువు తూకాలు, రిజిస్టర్లు అన్నీ చూసుకునే అంగన్‌వాడీ టీచరుకు ప్రతి బిడ్డ గురించీ రోజూ రాయడం అసాధ్యం. రోజుకు ఇద్దరి చొప్పున వంతులవారీగా ఎంచుకుని, ఒక్కొక్కరికి నాలుగు వాక్యాలు రాస్తే, ఇరవై మంది ఉన్న కేంద్రంలో పది పనిదినాలకు ఒక చుట్టు పూర్తవుతుంది. వంతు పెట్టుకోకపోతే గోల చేసేవాళ్లే రిజిస్టరు నిండా ఉంటారు, మూల కూర్చునే బిడ్డ పేరు నెలల తరబడి అందులో కనిపించదు.

ఇలా పోగైన కాగితాల విలువ సంవత్సరాంతంలో తెలుస్తుంది. జూన్‌లో ఏడో గింజ దగ్గర ఆగిన వేలు మార్చిలో ఇరవై దాటి, ఆ వరుసలో పక్కవాడి గింజలు కూడా చేరి ఉంటే, ఆ మార్పు తేదీలతో సహా తల్లి ముందు పెట్టవచ్చు. జూన్‌లో ‘మొండి’ అని రాసిన టీచరు దగ్గర మాత్రం మార్చిలో పోల్చి చూడటానికి ఏమీ మిగలదు.