భుజాన సంచి... ఆపదలో ఆసరా!

"పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేస్తాం. ఈ మాత్రానికి సంచి సర్దడమేమిటి?" అనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకునేదాన్ని. పెళ్ళికో, తీర్థయాత్రకో అయితే నాలుగు రోజుల ముందునుంచే సర్దుకుంటాం. ఒక పూట ప్రయాణమైతే బయలుదేరే ముందు ఏ సంచి దొరికితే అందులో అన్నీ కుక్కేస్తాం. తీరా బస్సులో కూర్చున్నాక కళ్ళజోడు కనిపించదు, చిల్లర కనిపించదు. అవైతే ఫరవాలేదు. కనిపించనివి మందులైతే?

మూడేళ్ళ కిందట మా అత్తమ్మను ఆసుపత్రిలో చూపించడానికి మదనపల్లె నుంచి కుప్పం బయలుదేరాను. పుంగనూరు, పలమనేరు మీదుగా పోవాలి. ఆమెకు చక్కెర జబ్బు. ఇన్సులిన్ వేసుకుని, బస్సు తప్పిపోతుందని సగం టిఫినే తిని బయలుదేరింది. అన్నం డబ్బా, బిస్కెట్లు, రిపోర్టులు అన్నీ ఒకే పెద్ద ఎయిర్ బ్యాగులో పెట్టాను. బస్సు నిండా జనం. బ్యాగు ముందు డ్రైవరు పక్కన పెట్టి, మేము వెనక సీట్లో కూర్చున్నాం.

పుంగనూరు దాటామో లేదో అత్తమ్మకు ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకు. "కండ్లు తిరగతా ఉండాయి మే" అంది. షుగరు పడిపోయిందని నాకు తెలుస్తూనే ఉంది. బిస్కెట్లేమో ముందు, ఎవరివో మూటల కింద! నేను జనాన్ని తోసుకుంటూ లేచేలోగా వెనక సీట్లో ఉన్న పెద్దావిడ తన భుజాన ఉన్న గుడ్డ సంచిలో చేయి పెట్టి, చూడకుండానే ఒక పొట్లం తీసింది. బెల్లం! "ముందు దీన్ని నమలమనమ్మా" అంది. కాసేపటికి అత్తమ్మ తేరుకుంది.

ఆవిడ చూడకుండా తీయడం నా మనసులో నిలిచిపోయింది. ఏ వస్తువు ఎక్కడుందో ఆమె చేతికే తెలుసు! ఆ వారంలోనే నేనూ ఒక సంచి కుట్టించుకున్నాను.

సంచి ఎలా ఉండాలి?

షాపుల్లో టోట్ బ్యాగు అని అమ్మేది ఈ సంచినే. వెడల్పు నోరు, రెండు పొడుగు పట్టీలు ఉంటాయి. కొనేటప్పుడు రంగు చూసి మోసపోకండి. ముందు పట్టీలు చూడండి. ఒకటిన్నర అంగుళం వెడల్పైనా లేకపోతే భుజం కోసుకుపోతుంది. పట్టీ అతికిన చోట చతురస్రంగా కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తులా కుట్టు ఉంటే బరువుకు ఊడదు. భుజాన వేసుకుంటే సంచి నడుము దగ్గర ఉండాలి. మోకాళ్ళకు తగిలితే బస్సెక్కేటప్పుడు కష్టం.

15 అంగుళాల వెడల్పు, 14 అంగుళాల ఎత్తు, అడుగున 5 అంగుళాల మందం ఉంటే చాలు. ఇంకా పెద్దదైతే ఖాళీ ఉంది కదా అని ఇంకో రెండు కిలోలు వేస్తాం! పైన జిప్పు తప్పనిసరి. లోపలి అస్తరు లేత రంగుదైతే వస్తువులు సులువుగా కనిపిస్తాయి. కుట్టించుకునేవారు కాన్వాసు గుడ్డ గానీ, పిల్లలు వదిలేసిన జీన్స్ ప్యాంట్లు గానీ వాడొచ్చు. లోపల మూడు జేబులు పెట్టించండి.

సర్దడం ఇలా...

వీపు వైపు ప్లాస్టిక్ ఫైలులో రిపోర్టులు, చీటీలు. అడుగున చుట్టిన తువ్వాలు, మడిచిన గుడ్డ సంచి ఒకటి. నీళ్ళ సీసా ఒక మూల, డబ్బా ఇంకో మూల నిలువుగా పెట్టండి. డబ్బాను చిన్న కవరులో పెడితే కారినా కాగితాలు తడవవు. పెరుగన్నం పెట్టుకుంటే పాలు ఎక్కువ పోసి, ఒక చెంచా పెరుగు మాత్రమే కలపండి. మధ్యాహ్నానికి కమ్మగా తోడుకుంటుంది, పులవదు.

మొదటి జేబులో మందులు. ఇంట్లో చక్కెర జబ్బు ఉన్నవాళ్ళుంటే గ్లూకోజు పొడి గానీ చక్కెర గానీ తప్పక పెట్టండి. షుగరు పడిపోయినప్పుడు మూడు చెంచాలు నీళ్ళలో కలిపి తాగించాలి. బిస్కెట్ల కన్నా ఇది తొందరగా పనిచేస్తుంది. పావుగంటకు తగ్గకపోతే మళ్ళీ ఇవ్వాలి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

రెండో జేబులో చిల్లర, ఆధార్ కార్డు. మన రాష్ట్రంలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టిక్కెట్టు ఉచితం కదా! గుర్తింపు కార్డు చూపించాలి. బెంగళూరు, వేలూరు వంటి పక్క రాష్ట్రాల ఊళ్ళకు వెళ్ళే బస్సుల్లో డబ్బు కట్టాల్సిందే.

మూడో జేబులో ఇంటివాళ్ళ ఫోను నెంబర్లు కాగితం మీద రాసి పెట్టండి. ఫోనులో చార్జింగ్ అయిపోతే సొంత కొడుకు నెంబరు కూడా మనకు గుర్తుండదు!

సంచి ఒకటే, ప్రయాణాలు మూడు

కుప్పం ఆసుపత్రికైతే ఫైలు, మందులు ముఖ్యం. పుంగనూరు వైపు బోయకొండ గంగమ్మ దర్శనానికైతే ఫైలు తీసి ఆ చోట పసుపు, కుంకుమ, టెంకాయ పెట్టుకోవచ్చు. మదనపల్లె నుంచి హార్స్‌లీ హిల్స్‌కైతే తువ్వాలు బదులు శాలువా. 4,000 అడుగులకు పైన ఎత్తు మరి, ఎండాకాలమైనా సాయంత్రం చలేస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు మదనపల్లెలో టమాటాలు కొనకుండా ఉండలేం కదా! అప్పుడు ఆ మడిచిన గుడ్డ సంచి బయటికి తీయండి. పల్చటి ప్లాస్టిక్ కవర్లను నిషేధించారు కదా.

ఎక్కడికెళ్ళినా మూడు జేబులు మాత్రం మార్చకండి. ఇంట్లో అందరికీ చూపించి ఉంచండి. మీకే కళ్ళు తిరిగితే తీయాల్సింది వాళ్ళే కదా!

చివరగా ఒక మాట. అందరివీ సర్ది మనవి మరచిపోవడం మనకు అలవాటు. మీ బి.పి. మాత్ర, మీ కళ్ళజోడు, నెలసరికి కావలసినవి ముందు పెట్టుకోండి. ఆ తరువాతే మిగతావారివి.

ఇప్పుడు నా సంచిలోనూ ఒక బెల్లం పొట్లం ఎప్పుడూ ఉంటుంది. అత్తమ్మ కోసమే కాదు, ముందు సీట్లో ఎవరికి అవసరమవుతుందో ఎవరికి తెలుసు? మరి మీ సంచిలో ఏముందో ఈరోజే ఒకసారి చూసుకుంటారు కదూ!