క్లౌడు - బ్యాకప్పు
డేటాను ‘క్లౌడు’నందు దాఁచుట యనునపుడు మేఘవాచకమగు నీ యాంగ్లపదము లాక్షణికము. ఆకాశమున నేదియు నిలువదు; డేటా అంతర్జాలమార్గమున దూరస్థభవనములలోని డిస్కులఁ జేరును. ఒక డిస్కు చెడినను నష్టము రాకుండుటకై ప్రతులు పెక్కు డిస్కులయందు నిలుపఁబడును.

అయినను బ్రతి యెల్ల రక్షణము గాదు. మూలమును వెంటనే యనుసరించు ప్రతి, మూలమునఁ జెఱిపినదానిఁ దనయందును జెఱుపును. పూర్వస్థితిని వేఱుగా నిలుపునదియే బ్యాకప్పు. దానికి స్థలభేదమును వలయును: 2021 మార్చి 10వ తేదిని ఫ్రాన్సునందలి స్ట్రాస్‌బర్గులో ఓవీహెచ్ సంస్థ భవనము దగ్ధము కాఁగా, మూలమును బ్రతిని నచటనే యుంచినవారు రెంటినిఁ గోలుపోయిరి.

ఒకయూరి తాళపత్రప్రతి శిథిలమైనను వేఱొకయూరి ప్రతివలనఁ గావ్యము దక్కుట పండితు లెఱిఁగినదే. ఇచటను న్యాయ మదియే. అప్పుడప్పుడు ప్రతినుండి మూలమును బునరుద్ధరించి సరిచూచినఁ గాని యది యక్కఱకు వచ్చునని నిశ్చయింపరాదు.