మడత నిలిచే కాగితం

ఒరిగామికి జపాన్ నుంచి కాగితం తెప్పించాలా అని, సెలవుల్లో నా దగ్గర మడతలు నేర్చుకునే పిల్లల తల్లులు అడుగుతుంటారు. అక్కర్లేదు. జెరాక్స్ షాపులో దొరికే ఏ4 కాగితం చాలు. పొట్టి అంచును పొడవు అంచు మీదికి ఆనించి మడిచి, మిగిలిన పట్టీ కత్తిరిస్తే 21 సెంటీమీటర్ల చదరం వస్తుంది.

కొనేముందు బరువు చూడండి. ప్యాకెట్ మీద 75 జీఎస్ఎం అని ఉంటే, చదరపు మీటరు కాగితం 75 గ్రాములు తూగుతుందని అర్థం. పడవకీ, కప్పకీ అది బాగుంటుంది. కొంగకు మాత్రం మెడ, తోక దగ్గర పొరలు పేరుకుని మొద్దుగా తయారవుతుంది. అందుకే 60 జీఎస్ఎం దగ్గర్లో ఉండే రంగు కాగితం నాకిష్టం. జపాన్‌లో పిల్లలు వాడేది సాధారణంగా 15 సెంటీమీటర్ల చదరం. ఒకవైపు రంగు, రెండోవైపు తెలుపు. ఏ వైపు పైకి ఉండాలో కొత్తవాళ్లకి ఆ తేడాయే చెబుతుంది.

షాపులో నేను ఒక ముక్క అడిగి తీసుకుంటాను. మడిచి, గోటితో గట్టిగా రుద్ది, విప్పి, అదే గీత మీద వెనక్కి మడుస్తాను. రంగు రాలి తెల్లగీత పడినా, అంచు చిరిగినా తీసుకోను. చార్టు పేపర్ చాలాసార్లు ఇక్కడే ఓడిపోతుంది. ప్లాస్టిక్ పూత ఉన్న గిఫ్ట్ పేపర్ మడత దానంతటదే విచ్చుకుంటుంది. న్యూస్‌పేపర్ మెత్తన, కానీ తలకు పెట్టుకునే టోపీకి అంతకన్నా మంచిది లేదు.

మందపాటి కాగితానికీ చోటుంది. ఒరిగామి కళాకారుడు అకిరా యోషిజావా దాన్ని కాస్త తడిపి మడిచి, జంతువుల ఒంటికి గుండ్రదనం తెచ్చాడు. అది చేయి తిరిగాక. ముందు ఒక చవక కట్ట కొని పిల్లల చేతికివ్వండి, ఎన్ని నలిపినా ఏమీ అనకండి.