కణమును మోసగించు మందు

1895లో భీమవరమున జనించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు విన్నవారు మనలో పెక్కురు. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వమున సిద్ధమైన అమినాప్టెరిను ఏమి చేయునో ఎఱిగినవారు కొందరే. ప్రశంసించుటకు మనము ముందుందుము; పని తెలిసికొనుటకు వెనుదీయుదుము.

రాచపుండు మందనగా కణమును కాల్చివేయు విషమని లోకుల తలంపు. ఈ మందు తెఱగు వేఱు. కణము రెండుగా చీలుటకు ముందు తన డి.ఎన్.ఏ. నంతయు నకలు వ్రాసికొనవలెను. మానవకణమున అది 600 కోట్లకు పైబడిన అక్షరముల జంటలు గల గ్రంథము. లిపికి అక్షరములు నాలుగే. అందొకటియగు థైమీను తయారగుటకు ఫోలిక్ ఆమ్లము కావలెను. దానిని పనికివచ్చు రూపమునకు తెచ్చునది కణములోని ఒక ఎంజైము. అమినాప్టెరిను చూపునకు ఫోలిక్ ఆమ్లమునకు కవల. ఎంజైము భ్రమపడి దానిని పట్టుకొని విడువలేక చిక్కుకొనును. థైమీను కొఱతపడును, నకలు నడుమ నిలుచును. థైమీనుండవలసిన చోట యురాసిలు చొచ్చును. దానిని పెఱికివేయబోయి కణము తన పోగులనే తెంచుకొనును.

బోస్టనులో సిడ్నీ ఫార్బరు మొదట ల్యుకీమియా సోకిన బిడ్డలకు ఫోలిక్ ఆమ్లజాతి పదార్థములనే ఇచ్చెను. రోగము ముదిరినట్లు తోచెను. అంతట ఆయన ఎదురుదారి పట్టెను. 1948 జూనులో ప్రకటించిన వ్యాసమున, అమినాప్టెరిను పుచ్చుకొనిన 16 మంది బిడ్డలలో 10 మందికి నెమ్మదించెనని వ్రాసెను. ఆ నెమ్మది కొన్ని నెలలదే. అయినను అంతకుముందు ఆ తల్లిదండ్రులకు ఆ నెలలును లేవు. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు కీర్తిశేషులైరి.

అమినాప్టెరిను తోబుట్టువైన మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది. అది శత్రువును గుర్తింపదు, చీలుచున్న కణమును మాత్రమే పట్టును. కావుననే ఎముక మూలుగయు నోటి పొరయు కూడ దెబ్బతినును. పెద్ద మోతాదు ఇచ్చినపుడు వైద్యులు పిమ్మట ల్యూకోవొరిను ఇత్తురు. అది ఎంజైముతో పనిలేని సిద్ధరూపము, మంచి కణములను ఒడ్డు చేర్చును.

ఇదే మందు చిన్న మోతాదున కీళ్లవాతమునకును ఇయ్యబడును. అది వారమునకొకమాఱు మ్రింగవలసినది. పొరపాటున దినదినము మ్రింగి మరణించినవారి వృత్తాంతములు వైద్యపత్రికలలో కలవు. మీ ఇంట ఈ మాత్ర వాడువారున్నచో, ఏ వారమున మ్రింగవలెనో వైద్యునిచేత చీటీపై పెద్ద అక్షరములతో వ్రాయించుకొనుడు.